పునీత సెబాస్టియన్‌ను గీత గీతగా చూడటం ఎలా

ఉంగరాల లోపలి అంచున పేర్లు, తారీఖులు చెక్కడం నా పని. ఇరవై రెండేళ్ళ నుంచి అదే. దాంతో ఏ పాత బొమ్మ చూపించినా నా కళ్ళు ముందు గీత మీద వాలతాయి, మనిషి ముఖం ఆ తర్వాతే. ఇంట్లోవాళ్ళు దీన్ని వృత్తిరోగం అంటారు. 15వ శతాబ్దపు యూరప్ ఎన్‌గ్రేవింగ్‌లు, అంటే రాగిరేకు మీద ఉలితో చెక్కి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు, చూడ్డానికి మాత్రం ఈ రోగం భలే పనికొస్తుంది.

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన బొమ్మ ఆ కాలపు జర్మన్ చెక్కడపు పనివాడు మార్టిన్ షోన్‌గావర్ చెక్కిన పునీత సెబాస్టియన్. సన్నటి ఎండు చెట్టు, దానికి కట్టేసిన కుర్రాడు, ఒంట్లో దిగిన బాణాలు, నడుముకు చుట్టిన గుడ్డ గాలికి ఎగురుతూ ఉంటుంది. వెనకాల ఊరు లేదు, కొండ లేదు, బాణాలు వేసినవాళ్ళూ లేరు. మిగతాదంతా ఖాళీ కాగితం. గోడకు పెట్టిన ఇలాంటి బొమ్మ ముందు జనం అయిదు సెకన్లు ఆగి పక్క గదికి వెళ్ళిపోతారు. వాళ్ళను తప్పుపట్టను. మొదటిసారి నేనూ అంతే చేశాను. రెండోసారి భూతద్దం తీసుకెళ్ళాను, ఆ ఒక్క బొమ్మతోనే మధ్యాహ్నం గడిచిపోయింది. ఆ మధ్యాహ్నం ఎలా గడపాలో చెప్పడానికే ఇది రాస్తున్నా. బొమ్మలో ఉన్నది సెబాస్టియన్ కాకుండా కేథరిన్ అయినా, లారెన్స్ అయినా పద్ధతి ఇదే.

ముందు సైజు తేల్చుకోండి

చాలామంది ఈ బొమ్మల్ని ఇప్పుడు స్క్రీన్ మీద చూస్తున్నారు. మంచిదే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం, ఇవన్నీ తమ దగ్గరున్న పాత అచ్చుల ఫోటోలను ఉచితంగా, పెద్ద సైజులో పెట్టాయి. కానీ స్క్రీన్‌తో ఒక చిక్కుంది. అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. షోన్‌గావర్ సెబాస్టియన్ ఎత్తు సుమారు 16 సెంటీమీటర్లు, వెడల్పు 11. అరచేతి కంటే కాస్త పెద్దది. ఇటలీవాడు మార్కాంటోనియో రైమోండి చెక్కిన పునీత లారెన్స్ మరణం అయితే బల్ల మీద పరిచి చూడాల్సినంత పెద్దది. స్క్రీన్ మీద మాత్రం రెండూ కవల పిల్లల్లా ఉంటాయి.

అందుకని మొదటి పని ఇది. తెల్ల కాగితం మీద 16 బై 11 కొలతకు దీర్ఘచతురస్రం గీయండి. దాన్ని కత్తిరించి చేతిలో పట్టుకోండి. కుర్రాడి ఒళ్ళు, చెట్టు, తాడు, బాణాలు, గుడ్డ మడతలు అన్నీ అంతలోనే పట్టాలి. సెబాస్టియన్ కన్ను ఎంతుంటుందో ఊహించుకోండి. ఆ కన్ను రాగిలో చెక్కింది. అక్కడ చెయ్యి జారితే రబ్బరుతో చెరపడానికి ఉండదు.

అది కూడా ప్రార్థన పుస్తకంలో పెట్టుకోగలిగే సైజు. గోడకు తగిలించి దూరం నుంచి చూడమని చేసింది కాదు, చేతిలో పట్టుకుని ముఖానికి దగ్గరగా తెచ్చుకోమని చేసింది. కాబట్టి మీరూ దగ్గరకే వెళ్ళండి.

కిటికీ పెట్టి చూడటం

మందపాటి నల్ల కాగితం ఒకటి తీసుకుని మధ్యలో రెండు సెంటీమీటర్ల చదరం కత్తిరించండి. దాన్ని ప్రింట్ తీసుకున్న కాగితం మీదో, స్క్రీన్ మీదో పెట్టి ఆ కిటికీలోంచి మాత్రమే చూడండి. అసలు అచ్చు మీద మాత్రం ఏదీ పెట్టకూడదు, ఆ సంగతి తర్వాత చెబుతా. పదింతలు పెద్దది చేసే చిన్న భూతద్దం, నగల పనివాళ్ళు కంటికి పెట్టుకునేది, ఉంటే ఇంకా మంచిది.

కిటికీ ఎందుకంటే, మొత్తం బొమ్మ కనిపిస్తే మెదడు కథ చెప్పడం మొదలుపెడుతుంది. "అయ్యో పాపం, ఎన్ని బాణాలు" అంటుంది. కిటికీలో కథ పట్టదు. గీతలే మిగులుతాయి.

మొదట కిటికీని పిక్క మీద పెట్టండి. ఎముక ఉన్న వైపు ఖాళీ కాగితమే ఉంటుంది. అక్కడి నుంచి నీడ వైపు వస్తుంటే సన్నటి చిన్న గీతలు మొదలవుతాయి, కనురెప్ప వెంట్రుకల్లాగా. ఇంకొంచెం లోపలికి వస్తే అవి పొడుగవుతాయి, వంగుతాయి. అన్నీ కాలి గుండ్రాన్ని చుట్టినట్టే వంగుతాయి. మరీ చీకటి ఉన్నచోట ఆ గీతల మీదుగా ఇంకో వరస అడ్డంగా వెళుతుంది. నలుపు అనేది ఒక్కటే. బూడిద రంగు ఎక్కడా లేదు. మనకు బూడిదలా కనిపించేదంతా నల్ల గీతల మధ్య వదిలిన తెలుపు.

ఇప్పుడు ఒక్క గీతను పట్టుకోండి. దాని మొదలు చూడండి, చివర చూడండి. మొదట్లో వెంట్రుకంత సన్నం, మధ్యలో కాస్త లావు, చివర మళ్ళీ సన్నబడి మాయం. ఈ ఆకారమే బ్యూరిన్ అనే ఉలి సంతకం. ఇది ఎలా వస్తుందో తెలిస్తే ఇక ఏ అచ్చునైనా పోల్చుకోగలరు, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతా.

బ్యూరిన్ అంటే ఉక్కు కడ్డీ. అడ్డకోత చదరంగానో, డైమండ్ ఆకారంలోనో ఉంటుంది. మొనను ఏటవాలుగా సాన పడతారు. రెండో చివర పుట్టగొడుగు ఆకారపు చెక్క పిడి. ఆ పిడి అరచేతి గుంటలో కూర్చుంటుంది. పెన్నులా లాగరు, ముందుకు తోస్తారు. మొన రాగిలో దిగి ముందుకు పోతుంటే, దాని ముందు సన్నటి రాగి తీగ చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. మొదట చెయ్యి తేలిగ్గా పెడతాం, అందుకే గీత సన్నం. మధ్యలో నొక్కుతాం, లోతు పెరుగుతుంది, లావవుతుంది. చివర మొనను పైకి తేలుస్తాం, మళ్ళీ సన్నం. కొట్టు తెరిచి పని మొదలుపెట్టగానే నేను ఉంగరం మీద చేసేదీ సరిగ్గా ఇదే.

వంపు గీతల సంగతి వేరు. పని నేర్చుకునే రోజుల్లో 'స' అక్షరం నాకు ఎప్పుడూ కోసుకుపోయేది. మా మేస్త్రి వెనక నుంచి చూసి అనేవారు, "ఏమ్మా, చెయ్యి తిప్పుతావేం? చెయ్యి ఉన్నచోటే ఉండాలి. వస్తువును తిప్పు." రాగిరేకు చెక్కేవాళ్ళూ అంతే. రేకు కింద ఇసుక నింపిన తోలు మెత్త ఉంటుంది. కుడిచెయ్యి ఉలిని తోస్తుంటే ఎడమచెయ్యి రేకును తిప్పుతుంది. సెబాస్టియన్ నడుముకున్న ఆ ఎగిరే గుడ్డలో ఒక్కో మడత చూడండి, వంపులు ఎంత నున్నగా ఉన్నాయో. గాలికి గుడ్డ ఎగిరిందని మనం అనుకుంటాం. నిజానికి అక్కడ తిరిగింది రేకు.

చెక్కడం అయ్యాక గీతల అంచుల్లో లేచిన పొక్కును గీరి నున్నగా చేస్తారు. రేకంతా సిరా పూసి, పైపైన తుడిచేస్తారు. గీతల గోతుల్లో మాత్రం సిరా ఉండిపోతుంది. తడిపిన కాగితం దాని మీద పెట్టి రెండు రోలర్ల మధ్య నుంచి గట్టిగా లాగితే, మెత్తబడిన కాగితం ఆ గోతుల్లోకి దిగి సిరాను పైకి తీసుకొస్తుంది. అందుకే మంచి అచ్చును పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే గీతలు కాగితం మీద రవ్వంత ఉబ్బి కనిపిస్తాయి. స్క్రీన్ మీద ఎంత జూమ్ చేసినా ఇది కనపడదు.

దీన్ని మిగతా రెండు రకాలతో కలిపేసుకోకండి. చెక్కబ్లాకు అచ్చులో గీత చుట్టూ ఉన్న చెక్కను తీసేస్తారు, గీత గట్టులా మిగులుతుంది. అలాంటి గీతలు లావుగా, కోణాలు కోణాలుగా ఉంటాయి. ఎచ్చింగ్‌లో గీతను ఉలి చెక్కదు, రేకును యాసిడ్ తింటుంది కాబట్టి గీత మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే లావు, చివర మొద్దుగా తెగిపోతుంది, అంచులు కాస్త గరుకు. మొన తేలిన చివర కనిపించిందా, అది బ్యూరినే.

షోన్‌గావర్ ఈ పని ఎక్కడ నేర్చుకున్నాడంటే ఇంట్లోనే అనాలి. రైన్ నది లోయలో, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న కోల్మార్ ఊళ్ళో వాళ్ళ నాన్న కంసాలి. వెండి, బంగారం మీద నగిషీ చెక్కే చేతులే రాగి మీదకు వచ్చాయి. అతనికి ముందు, 1466, 1467 తారీఖులతో బొమ్మలు చెక్కిన ఒకాయన ఉన్నాడు, పేరు తెలీదు, ఇ.ఎస్. అని రెండక్షరాలే సంతకం. ఆయన నీడలు ఎక్కువగా పొట్టి తిన్నటి గీతలతో ఉంటాయి. ఆ తర్వాత షోన్‌గావర్‌ను చూస్తే గీత ఒంటి మీద చుట్టుకోవడం మొదలైంది. న్యూరెంబర్గ్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ కూడా కంసాలి కొడుకే. కుర్రవాడిగా 1492లో షోన్‌గావర్‌ను కలవాలని కోల్మార్ వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆయన పోయి ఏడాది దాటింది. తమ్ముళ్ళు, అన్నలు ఆదరించారట. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది, ఎందుకో.

బొమ్మలో ఎవరున్నారు

ఇప్పుడు కిటికీ తీసేయండి. మనిషిని గుర్తుపట్టడం రెండో మెట్టు. ముఖం చూసి లాభం లేదు, ఈ బొమ్మల్లో ముఖాలు పోలికల కోసం చెక్కలేదు. చేతిలో ఏముంది, పక్కన ఏముంది అని చూడాలి. హతసాక్షులకు, అంటే నమ్మకం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళకు, గుర్తు సాధారణంగా వాళ్ళను హింసించిన వస్తువే. ఇనుప పెనంలాంటి జాలీ పట్టుకుంటే లారెన్స్. మేకులున్న చక్రం విరిగి పక్కనుంటే కేథరిన్. కత్తి పట్టుకున్న గడ్డపాయన బర్తొలొమయి, ఆయన చర్మం ఒలిచారని కథ. రంపం ఉంటే సీమోను, రాళ్ళుంటే స్తెఫను, ఇంటూ గుర్తులాంటి శిలువ ఉంటే అంద్రెయ. పటకారులో పన్ను పట్టుకున్నావిడ అపొలోనియా, పంటి నొప్పికి ఆవిడను తలుచుకునేవాళ్ళు. పళ్ళెంలో కళ్ళుంటే లూసీ. మూడు కిటికీల బురుజుంటే బార్బరా. చేతిలో ఖర్జూరపు మట్ట ఒక్కటే ఉండి ఇంకేమీ లేకపోతే హతసాక్షి అని మాత్రం చెప్పగలం, ఎవరో చెప్పలేం.

గిలక చుట్టూ పేగులు చుట్టిన బొమ్మ ఎదురైతే భయపడకండి, అది ఎరాస్మస్. ఆయన నావికుల పునీతుడు, ఆయన గుర్తు మొదట్లో ఓడ తాళ్ళు చుట్టే గిలక అనీ, సముద్రం ఎరగని జనం దాన్ని హింసాయంత్రం అనుకుని కథ అల్లారనీ అంటారు. బొమ్మే కథను పుట్టించడం అంటే ఇదే.

సెబాస్టియన్‌కు బాణాలు గుర్తు. ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను. బాణాలతో ఆయన చనిపోలేదు. డయోక్లీషియన్ చక్రవర్తి కాలంలో రోమ్ సైనికుడు. క్రైస్తవుడని తెలిసి కట్టేసి బాణాలు వేశారు, చచ్చాడనుకుని వదిలేశారు. ఐరీన్ అనే ఆవిడ తీసుకెళ్ళి సేవ చేస్తే బతికాడు. కోలుకున్నాక ఊరుకోకుండా చక్రవర్తికి ఎదురుపడి నిలదీశాడు. ఈసారి దుడ్డుకర్రలతో కొట్టి చంపి, శవాన్ని మురుగు కాలువలో పడేశారు. కథ ఇది. అంటే మనం చూస్తున్న బొమ్మ చావుది కాదు, బతికి బయటపడబోతున్న ఘడియది. ఇది తెలిసి మళ్ళీ ఆ ముఖం చూడండి.

ఇంకో సంగతి. రోమ్‌లో సాన్ పియెత్రో ఇన్ వింకోలీ చర్చిలో 7వ శతాబ్దపు మొజాయిక్ ఉంది. అందులో సెబాస్టియన్ గడ్డం నెరిసిన పెద్దాయన, ఒంటి నిండా బట్టలు. అందమైన కుర్రాడుగా మారింది తర్వాతి శతాబ్దాల్లో. చిత్రకారులకు బట్టల్లేని ఒంటిని గీసే అవకాశం అంత తేలిగ్గా దొరికేది కాదు మరి. జనానికి మాత్రం వేరే కారణం ఉంది. ప్లేగు వచ్చిందంటే ఆకాశం నుంచి బాణాలు పడ్డాయని అనుకునేవాళ్ళు. బాణాలు తగిలినా బతికినవాడు కాబట్టి ఆయన ప్లేగు నుంచి కాపాడే పునీతుడయ్యాడు. ప్లేగు తిరిగి తిరిగి వస్తున్న ఊళ్ళలో అరచేతంత కాగితం మీద ఈయన్ను దగ్గర పెట్టుకునేవాళ్ళున్నారంటే ఆశ్చర్యమేముంది.

అన్ని హతసాక్షి బొమ్మలూ ఇంత నిశ్శబ్దంగా ఉండవు. మార్కాంటోనియో లారెన్స్ బొమ్మ 1525 ప్రాంతంలో చెక్కింది, గీసింది బాచ్చో బాందినెల్లి. అందులో జనమే జనం, పెద్ద భవనం, కండలు తిరిగిన ఒళ్ళు. పునీతుణ్ణి వెతుక్కోవాలి. తన బొమ్మను మార్కాంటోనియో తప్పులుగా చెక్కాడని బాందినెల్లి పోప్‌కు ఫిర్యాదు చేశాడట. పోప్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, చెక్కినవాడు తప్పులు చేయకపోగా గీసినవాడి తప్పుల్నే సరిదిద్దాడని తేలిందట. ఈ కథ చిత్రకారుల జీవితాలు రాసిన వసారి రాశాడు. చెక్కేవాళ్ళ వైపు మనిషిని కాబట్టి నాకు చాలా ఇష్టమైన కథ.

అద్దంలో తిప్పి చూడండి

రాగిరేకు మీద ఎలా చెక్కితే కాగితం మీద దానికి తిరగేసి వస్తుంది. ముద్ర ఉంగరాలు చెక్కేవాళ్ళకు ఇది అలవాటే. మామూలువాళ్ళు మర్చిపోతారు. కాబట్టి బొమ్మను ఒకసారి ఫోన్‌లో ఫ్లిప్ చేసి చూడండి. చెక్కినతను నెలల తరబడి చూసింది ఆ రూపాన్నే.

దీనికి మంచి రుజువు డ్యూరర్ దగ్గర ఉంది. 1501 ప్రాంతంలో ఆయన పునీత యూస్టేస్‌ను చెక్కాడు. ఎత్తు 35 సెంటీమీటర్లకు పైనే, ఆయన ఎన్‌గ్రేవింగ్‌లలో అన్నిటికంటే పెద్దది. వేటకు వెళ్ళిన రోమన్ సేనాని ఎదుట దుప్పి నిలబడుతుంది, దాని కొమ్ముల మధ్య శిలువ. ఆయన మోకరిల్లుతాడు, గుర్రం ఆగి ఉంటుంది, ముందు అయిదు వేటకుక్కలు. యూస్టేస్‌ను తర్వాత కంచు ఎద్దు కడుపులో పెట్టి కాల్చేశారని కథ. బొమ్మలో అదేమీ లేదు, ఇంకా రాబోతోంది. ఆ కుక్కల్లో ఒకదానికి డ్యూరర్ ముందుగా కుంచెతో వేసుకున్న బొమ్మ విండ్సర్‌లో బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో ఉంది. అందులో కుక్క ఎటు తిరిగి ఉందో అచ్చులో దానికి సరిగ్గా అవతలి వైపు తిరిగి ఉంటుంది. రెండిటి ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఈ విషయం ఇక మర్చిపోరు.

సంతకం కూడా తిప్పే చెక్కాలి. షోన్‌గావర్ తన బొమ్మల కింద మధ్యలో ఎమ్, ఎస్ అక్షరాలు, వాటి మధ్య చిన్న శిలువలాంటి గుర్తు వేస్తాడు. ఆయనవని చెప్పే సుమారు 116 రేకుల మీదా అదే ముద్ర. మొదటి రోజుల బొమ్మల్లో ఎమ్ కాళ్ళు నిటారుగా ఉంటాయి, తర్వాతి వాటిలో ఏటవాలుగా. తారీఖులు వేయని మనిషి కాబట్టి ఆ కాళ్ళే తారీఖు. తిప్పి చెక్కడంలో పెద్దవాళ్ళూ పొరబడతారు. మేక మీద వెనక్కి తిరిగి కూర్చున్న మంత్రగత్తె బొమ్మలో డ్యూరర్ సంతకంలోని డి తిరగబడి ఉంటుంది. పొరపాటో, ఆ బొమ్మలో అంతా తలకిందులే కదా అని కావాలనే చేశాడో, దాని మీద వాదనలున్నాయి. నేను మాత్రం పొరపాటు అనే పక్షం. ఉంగరం మీద 'డ' తిరగేసినందుకు నా జేబులోంచి బంగారం కట్టిన అనుభవం మరి.

మంచి ప్రతి, అరిగిన ప్రతి, అసలు కానిది

రాగి మెత్తన. ప్రతి అచ్చుకూ కొంచెం అరుగుతుంది. ముందు పోయేవి సన్న గీతలు. కాబట్టి రెండు మ్యూజియంల ప్రతులు తెరిచి అదే పిక్కను, ఆ కనురెప్పల్లాంటి గీతలను పోల్చండి. తొలి ప్రతుల్లో అవి ఉంటాయి, నీడలు మఖమల్‌లా నల్లగా ఉంటాయి. రేకును సానపట్టినప్పటి అతి సన్నటి గీతలు కూడా ఖాళీ కాగితం మీద అక్కడక్కడా కనిపించొచ్చు. చివరి ప్రతుల్లో ఒళ్ళు చదునుగా, బూడిదగా ఉంటుంది. కొన్నిసార్లు అరిగిన రేకును వేరేవాళ్ళు మళ్ళీ లోతు చేస్తారు, అప్పుడు గీతలు నల్లగా ఉన్నా బిరుసుగా ఉంటాయి.

నకళ్ళు ఆ రోజుల్లోనే ఉన్నాయి. ఇస్రాయెల్ వాన్ మెకెనెమ్ షోన్‌గావర్ బొమ్మల్ని వరసపెట్టి కాపీ చేసి తన పేరు వేసుకున్నాడు. అప్పట్లో అది నేరం అనుకున్నట్టు లేదు. చాలా నకళ్ళు అసలుకు తిరగేసి ఉంటాయి, ఎందుకంటే బొమ్మ చూసి అలాగే రేకు మీద దించితే అచ్చు తిరగబడుతుంది.

నేను మోసపోయింది మాత్రం ఇంకో రకంగా. తొమ్మిదేళ్ళ క్రితం ఒక అమ్మకందారు దగ్గర డ్యూరర్ సెబాస్టియన్ కొన్నాను, స్తంభానికి కట్టేసి ఉన్నది. "పాత ప్రతి" అన్నాడు. అంచున రేకు ఒత్తిన గుర్తు ఉంది, గీతలు ఉబ్బి ఉన్నాయి, నాకు అంతే చాలనిపించింది. ఇరవై రెండేళ్ళ అనుభవం అని పైన గొప్పగా చెప్పుకున్నాను కదా, అప్పటికి అందులో పదమూడేళ్ళు, ఆ అనుభవమే గుడ్డిదాన్ని చేసింది. ఇంటికొచ్చి వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే కాగితం వెనక ఒకచోట గోరంత మేర పలచగా ఉంది. ఎవరో ఏదో ముద్రను గీకేశారు. 1870ల్లో పారిస్‌లో అమాన్-డ్యూరాన్ అనే ఆయన పాత అచ్చుల ఫోటోలను రాగిరేకు మీదకు ఎక్కించి, యాసిడ్‌తో తినిపించి, అచ్చం అలాంటి ప్రతులు తీశాడు. ఆయన నిజాయితీపరుడే, వెనక తన ఎర్ర ముద్ర వేసేవాడు. ముద్ర గీకేది తర్వాత చేతులు మారినప్పుడు. భూతద్దం పెడితే గీతల చివర్లు మొద్దుగా ఉన్నాయి, అంచు గరుకుగా ఉంది. యాసిడ్ తిన్న గీత. ముందే చూడాల్సింది అదే, చూడలేదు.

కాబట్టి కొనే ఉద్దేశం ఉంటే ముందు వెనక వైపు చూడండి, బొమ్మ తర్వాత. వెలుతురుకు ఎత్తితే చేతి కాగితంలో దగ్గర దగ్గరగా సన్న గీతలు, వాటికి అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్లకొకటి దూరపు గీతలు కనిపించాలి. కాగితం తయారుచేసిన జల్లెడ తీగల గుర్తులవి. అదృష్టం ఉంటే వాటర్‌మార్క్ కూడా ఉంటుంది, ఎద్దు తల, కిరీటం, గోథిక్ పి లాంటివి. ఇవన్నీ ఉన్నా అది కాగితం పాతదని మాత్రమే చెబుతుంది. పాత కాగితం మీద కొత్త అచ్చు తీసినవాళ్ళూ ఉన్నారు.

అసలు ప్రతి ముందు కూర్చోవడం

గోడ మీద చూసింది చూసినట్టు కాదు. పెద్ద మ్యూజియంలలో అచ్చుల కోసం విడిగా చదువుకునే గది ఉంటుంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది పేరుపొందింది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని, ఏ బొమ్మ కావాలో నంబరుతో సహా రాయాలి. పండితులే రావాలని నియమం లేదు. నేను "నగల పనిమనిషిని" అని రాశాను, వెంటనే ఇచ్చారు.

వెళ్ళే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరబెట్టుకోండి. చేతికి క్రీములు రాసుకోవద్దు. బ్యాగు బయట పెట్టించుకుంటారు, పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. బొమ్మను అట్టలో అమర్చి తెస్తారు. ఆ అట్టను రెండు చేతులతో పట్టుకోవాలి, బొమ్మను ముట్టుకోకూడదు, వేలితో చూపించేటప్పుడు కూడా దూరం నుంచే. భూతద్దం కావాలంటే వాళ్ళనే అడగండి. టెన్షన్ పడాల్సిందేమీ లేదు, తెలియంది అడిగితే చిరాకు పడరు. నల్ల కాగితం కిటికీని మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్ళండి. దాన్ని చూసి అక్కడి ఆవిడ ముఖం ఎలా మారిందో నాకు ఇంకా గుర్తుంది.

ఆ గదిలో చేయాల్సిన పని ఒకటే. వాళ్ళిచ్చే పేజీ మీద కాకుండా మీ నోటుబుక్‌లో రెండు సెంటీమీటర్ల చదరం గీసుకోండి. తాడు చెట్టును చుట్టినచోటు ఒకటి ఎంచుకోండి. పెన్సిల్ బాగా చెక్కి, అక్కడున్న గీతలన్నీ ఒక్కొక్కటిగా, అదే వరసలో, అదే వంపుతో దించండి. తొందర పడితే కుదరదు. ప్రతి గీతకూ మొదలు తేలిగ్గా, మధ్య గట్టిగా, చివర తేలిగ్గా. నాకు ఆ చదరానికి నలభై నిమిషాలు పట్టింది. పూర్తయ్యాక లెక్కపెడితే నావి పదకొండు గీతలు ఎక్కువ వచ్చాయి. ఆయన ఆ పదకొండు లేకుండానే తాడును బిగించాడు. పక్క బల్ల దగ్గరున్న పెద్దావిడ నా నోటుబుక్ వైపు తొంగిచూసి, మాటేమీ లేకుండా తన పెన్సిల్ షార్పెనర్ నా వైపు జరిపింది.